రెండో అంతస్తులో పుట్టిన నది

మా ఇంట్లో ఆ రోజు గొడవ ఒక గాజు సీసా గురించి. ఆవపిండి పోసుకునే సీసా, నీలం మూతది. ఎనిమిదేళ్లుగా వంటింట్లో రెండో అరలో, ఎడమ నుంచి మూడోదిగా ఉంటోంది. ఆ ఉదయం దాని చోటు ఖాళీగా ఉంది. ఆవపిండి ఒక స్టీలు గిన్నెలో, మీద క్యాలెండరు కాగితం కప్పుకుని కూర్చుంది.

"సీసా ఏదండీ?" అన్నాను.

"ఆఫీసు పని మీద వెళ్తోంది," అన్నారు మా ఆయన పైడిరాజు, షూ లేసు కట్టుకుంటూ.

"మీ ఆఫీసులో సీసాలు లేవా?"

"శాంపిల్ సీసాలకి ఇండెంట్ పెట్టి పద్నాలుగు నెలలైంది. ఫైలు స్టోర్స్‌లో ఉంది. సముద్రం నీళ్లు ఇవాళే ల్యాబుకి పంపాలి. ఫైల్లో నీళ్లు పట్టలేను కదా."

"ఖాళీ ఊరగాయ సీసా ఉంది. అది పట్టుకెళ్లొచ్చుగా."

"దానికి వాసన. ల్యాబువాళ్లు ఒప్పుకోరు."

"ఆవపిండికి వాసన లేదా?"

ఆయన రెండో షూ వేసుకున్నారు. వీధి గదిలోంచి మా అత్తగారు నూకాలమ్మ గారు అందుకున్నారు. "ఆడు పన్లోకెల్లే యేల సీసా కోసం ఇంత రామాయణమేటే హేమా. సీసా ఎక్కడికి పోతాది, సముద్రంలోకే కదా."

"మూత గట్టిగా బిగించండి. మరలు వదులు," అని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

మా ఆయన గవ్వలపాలెం మున్సిపాలిటీలో పారిశుద్ధ్య విభాగం ఇంజనీరు. జనన మరణాల రిజిస్టరు కూడా ఆ విభాగంలోదే. పుట్టుక, చెత్త, చావు ఒకే బల్ల మీద నడుస్తాయి. మా ఊరికి ఉన్నదల్లా ఒక బీచి. బీచి వెంట వరసగా రిసార్టులు, లాడ్జీలు. బీచికి ఉత్తరపు కొసన కొండల్లోంచి వచ్చి సముద్రంలో కలిసే గెడ్డ ఒకటుంది. కాగితాల్లో దాని పేరు చినమ్మగెడ్డ. ఊళ్లో కంపుగెడ్డ. రిసార్టుల పైపులన్నీ అందులోకే.

ఆ ఏడాది మా కమిషనర్ విశ్వమోహన్ గారికి బీచికి 'తీరతోరణం' తేవాలన్న కోరిక పుట్టింది. దేశంలో ఉత్తమమైన సముద్రతీరాలకు ఒక సంస్థ ఇచ్చే గుర్తింపు అది. వస్తే బీచి మొదట్లో నీలం కమాను కట్టుకోవచ్చు. కమాను ముందే కట్టేశారు, గుర్తింపు రావాలి. దానికి నీళ్ల పరీక్ష ఒక షరతు.

ఆ ఉదయం సీసా గొడవయ్యాక మా ఆయన రిపోర్టు చిత్తుప్రతి నా ముందు పెట్టారు. తెలుగు బీఏ చదివినందుకు మా ఇంట్లో నాకు దక్కిన ఉద్యోగం అది. "బీచికి ఉత్తర దిశన గడ్డ కలియుచున్నది" అని రాశారు.

"గడ్డ కాదండీ, గెడ్డ. ఇలా పంపితే కమిషనర్ గారు ఉల్లిగడ్డ అనుకుంటారు."

"ఆయన ఇటువైపు వాడు కాదు. గెడ్డ అన్నా అర్థం కాదు. పక్కన మురుగు కాలువ అని వేసేస్తాను."

"అలా వేయకండి. గెడ్డ వేరు, మురుగు కాలువ వేరు. గెడ్డ అంటే చిన్న నది. మనం మురుగు కలిపాం కాబట్టి అది మురుగు కలిపిన గెడ్డ. కాలువ మనం తవ్వింది, గెడ్డ దానంతట అది వచ్చింది."

ఆయనకి టైమైపోతోంది. నేను చెప్పినదాంట్లో మొదటి సగం రాసుకుని రెండో సగం వదిలేశారు. "గెడ్డ అనగా చిన్న నది." అంతే రాసి, సీసా సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. ఆ మాట తప్పని ఇప్పటికీ ఎవరూ అనలేరు.

సాయంత్రం సీసా తిరిగొచ్చింది, నిండుగా. మూత మరల్లో ఆవాల పొడి ఉందని ల్యాబువాళ్లు దాన్ని పక్కన పెట్టి, వాళ్ల సీసాలో అదే చోట మళ్లీ నీళ్లు పట్టించుకున్నారట. గెడ్డ మొగ దగ్గర, అంటే అది సముద్రంలో కలిసే చోట మొదట పట్టిన నీళ్లు మా కిటికీలో మిగిలాయి. పారబోయబోతుంటే మా అమ్మాయి లిఖిత చెవిలో దూదితో వచ్చి నిలబడింది. దానికి పన్నెండేళ్లు. రోజూ పొద్దున్నే బీచిలో ఈతకి వెళ్లేది. వానాకాలం నుంచి చెవిలో చీము. డాక్టరు గారు సముద్రం మాట ఎత్తవద్దన్నారు. దాని చెవికి మందు వేస్తూ సీసా సంగతి మర్చిపోయాను.

పదో రోజున ల్యాబు జవాబు వచ్చింది. ఆ మర్నాడే కమిషనర్ గారి దగ్గర తోరణం సమావేశం. సమావేశంలో ఒక గృహిణి ఉండాలని నిబంధనట. చివరి నిమిషంలో ఎవరూ దొరక్క మా ఆయన నన్ను తీసుకెళ్లారు. నా ముందు 'గృహిణుల ప్రతినిధి' అన్న అట్టముక్క, పక్కన ఒక జీడిపప్పు బిస్కెట్టు పెట్టారు.

"మలినాల బ్యాక్టీరియా వంద లోపు ఉండాలి సార్. నలభై వేలు వచ్చింది," అన్నారు మా ఆయన.

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ అంకెను మనం సానుకూల దృక్పథంతో పరిశీలించాలి," అన్నారు. "అంకె ఎక్కువగా ఉన్నదని ఎందుకు అనుకోవాలి. ప్రమాణం తక్కువగా ఉన్నదని ఎందుకు అనుకోకూడదు."

"ప్రమాణం మనది కాదు సార్. తోరణం వాళ్లది."

"వారి నిబంధనలు చదివారా?"

అందరూ కాగితాలు తిప్పారు. కమిషనర్ గారే చదివి వినిపించారు. నిబంధన ఏడు: స్నానపు తీరానికి అరకిలోమీటరు లోపు ఏ మురుగు కాలువా సముద్రంలో కలవరాదు. సహజ నదీ ప్రవాహములకు ఈ నిబంధన వర్తించదు.

"ఇప్పుడు మన ఇంజనీరు గారి నివేదిక, రెండో పేజీ," అన్నారాయన, పెళ్లి శుభలేఖ చదువుతున్నంత తృప్తిగా. "గెడ్డ అనగా చిన్న నది."

నా చేతిలో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది.

"మేడమ్, ఈ నిర్వచనం మీ సౌజన్యమని విన్నాను. కార్యాలయం మీకు ఋణపడి ఉంటుంది."

"పూర్తి మాట అది కాదండీ," అన్నాను. "దాంట్లో మురుగు కలుస్తోందని కూడా చెప్పాను."

"నదులలో అనేకం కలుస్తాయి మేడమ్. కలుపుకొనుటయే నది లక్షణం."

నలభై వేల సంగతేమిటని మా ఆయన మళ్లీ అడిగారు. దానికీ జవాబు ఉంది. ఆ ప్రమాణం సముద్రపు నీటికి. మన శాంపిల్ నది సముద్రంలో కలిసే చోటుది. అది నదీ కాదు, సముద్రమూ కాదు, సంగమం. సంగమానికి ప్రమాణాలు ఇంకా నిర్ణయించబడలేదు. నిర్ణయించబడని ప్రమాణాన్ని ఉల్లంఘించుట ఎవరి తరమూ కాదు. మినిట్స్‌లో ఇలాగే రాశారు. 'తరము' పక్కన నేను ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చాను, సవరణలు ఆమోదించలేదన్నారు.

చినమ్మగెడ్డ అలా నది అయింది. పేరు దగ్గర కొంత చర్చ జరిగింది. నదికి చుట్టరికపు పేరు గౌరవంగా ఉండదని కమిషనర్ గారు అభిప్రాయపడ్డారు. జనం కంపుగెడ్డ అంటున్నారు కాబట్టి ఆ వాడుకకు దగ్గరగా, కానీ సంస్కారవంతంగా ఉండాలన్నారు. 'సుగంధిని' అని ఖాయం చేశారు. ఆ పేరు చదివేటప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదు. నేను ఒక్కొక్కరి ముఖమూ చూశాను.

నది అన్నాక ఉపనదులుండాలి. రిసార్టుల పైపులు లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. ఒక్కోదానికీ పచ్చ బోర్డు వేశారు. పేర్లు పెట్టే పని కూడా నాకే ఇవ్వబోయారు, ఒంట్లో బాగాలేదన్నాను. సంస్కృతంలో గవ్వ కపర్దం కాబట్టి గవ్వల రిసార్టు వెనక పైపు 'కపర్దిని' అయింది. మూడు నక్షత్రాల హోటలు వెనకది 'త్రితార'.

మా వీధి చివర కెరటం లాడ్జి ఉంది. నడిపేది సోమలింగం గారు. ఎనిమిది గదుల లాడ్జి. వరసగా ముగ్గురు అతిథులకి వాంతులయ్యాయని ఆయన భయపడి, మురుగు శుద్ధి చేసే చిన్న ట్యాంకు సొంతంగా కట్టించుకుని, గెడ్డలోకి పోయే పైపు మూసేశారు. మూడో రోజుకి నోటీసు వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"చదువమ్మా, నాకు అర్థం కావడం లేదు."

చదివాను. సుగంధినీ నదీ పరీవాహక ప్రాంతమున తొమ్మిదవ ఉపనది యొక్క సహజ ప్రవాహమునకు మీరు ఉద్దేశపూర్వకముగా అడ్డుకట్ట వేసినట్లు తనిఖీలో తేలినది. ఏడు దినములలోగా ప్రవాహమును పునరుద్ధరించనిచో చర్య తీసుకొనబడును.

"అంటే?"

"మళ్లీ గెడ్డలోకి వదలమంటున్నారు."

"శుభ్రం చేసిన నీళ్లా?"

నోటీసు మళ్లీ చూశాను. "పూర్వపు పరిమాణములోను, పూర్వపు స్వభావముతోను అని ఉందండీ."

సోమలింగం గారు మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయారు. వారానికి తొమ్మిదో ఉపనది మళ్లీ పారింది.

వాసన ఒక్కటి మిగిలింది. దాని మీద సర్క్యులర్ వచ్చింది. నదికి వంద మీటర్ల లోపు ముక్కు మూసుకొనుట నదీమతల్లిని అవమానించుటగా పరిగణించబడును. ఇద్దరు కాపలావాళ్లని కూడా వేశారు. మొదటి రోజునే ఒక పర్యాటకురాలు తాను ప్రాణాయామం చేస్తున్నానని వాదించింది. యోగాకు అడ్డు చెప్పే అధికారం తమకు లేదని కాపలావాళ్లు వెనక్కి తగ్గారు. అప్పట్నుంచీ ఆ ఒడ్డున నిలబడే ప్రతి మనిషీ ప్రాణాయామమే. ఎడమ ముక్కు, కుడి ముక్కు, ఎక్కువమంది రెండూ. తీరమంతా ఆరోగ్య చైతన్యం వెల్లివిరుస్తోందని కమిషనర్ గారు పత్రికల వాళ్లకి చెప్పారు. ఫొటో వేశారు కూడా.

మా అత్తగారికి మాత్రం ఈ కబుర్లు అమృతంలా ఉన్నాయి. ఆవిడ పుట్టిల్లు ఆ గెడ్డ పక్కనే. మోకాళ్ల నొప్పులతో పదిహేనేళ్లుగా అటు వెళ్లలేదు.

"నది సేసేరంటే బాగు సేసేసినట్టే కదేటే," అన్నారు.

"బాగేం చేయలేదు అత్తయ్యా. పేరు మార్చారు."

"నువ్వు పతీదానికీ వంక పెడతావు. గవర్మెంటోళ్లు నది అని రాసేరంటే ఊరకనే రాత్తారా." కిటికీలో సీసా ఆవిడ కంట పడింది. "ఇయ్యి మొగకాడ నీళ్లే కదేటి?" అని, నేను చెప్పేది వినకుండా సీసా తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి, పసుపు రాసి, మూత మీద కుంకుమ బొట్టు పెట్టారు. దేవుడి గూట్లోంచి తీసి పారబోసే ధైర్యం నాకు లేకపోయింది.

తోరణం వాళ్ల పరిశీలక బృందం వచ్చే నెలలో వస్తుందని తెలిశాక కమిషనర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. నీళ్లు మంచివని కాగితం మీద చెప్పడం వేరు, వేలమంది అందులో మునుగుతుండగా చూపించడం వేరు. మనవాళ్లు వేల సంఖ్యలో ఎప్పుడు మునుగుతారు? పుష్కరాలకి.

సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆ మాటలు మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు.

"పుష్కరాలు పన్నెండు నదులకే అండీ," అన్నారట సిద్ధాంతి గారు. "రాశికి ఒకటి చొప్పున. అన్నీ నిండిపోయాయి."

"ఖాళీ లేకపోతే ఒక రాశిలో డెప్యుటేషన్ మీద వేయండి."

"రాశి డెప్యుటేషన్లు ఉండవండీ. కావాలంటే నది జన్మ నక్షత్రాన్ని బట్టి ఏదైనా చూడొచ్చు. దానికి పుట్టిన తేదీ, సమయం, స్థలం కావాలి."

కొండల్లోంచి వచ్చే గెడ్డ ఎప్పుడు పుట్టిందో ఎవరికి తెలుసు. కమిషనర్ గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదట. నది చేస్తూ తాను సంతకం పెట్టిన తేదీ ఉంది, సమయం ఉంది. మా ఆయన బల్ల మీదే జనన ధ్రువపత్రం తయారైంది. నేను కళ్లారా చూశాను. పేరు: సుగంధిని. లింగం: స్త్రీ. పుట్టిన స్థలం: మున్సిపల్ కార్యాలయం, రెండో అంతస్తు. తల్లి పేరు: భూమి. తండ్రి పేరు: మున్సిపల్ కమిషనర్, హోదా రీత్యా.

"బదిలీ అయితే తండ్రి మారతాడా?" అన్నాను.

"అడగలేదు," అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన అన్నం సగంలో వదిలేశారు.

పదకొండు గంటల నలభై నిమిషాలకి పుట్టిన ఆ పిల్లకి సిద్ధాంతి గారు జాతకం రాశారు. నీటి గండం ఉందని చెప్పారట, దాన్ని జాతకంలోంచి తీయించారు. ఆది పుష్కరాలు, పన్నెండు రోజులు, సోమవారం ఉదయం మొదలు.

ఇక ఆహ్వానం లాంటి ఉత్తర్వు వచ్చింది. పరిశీలక బృందం సమక్షంలో మొదటి స్నానం మున్సిపల్ ఉద్యోగుల పిల్లలది. నలభైమంది. మూడు మునకలు, తల పూర్తిగా మునగవలెను. మైలలో ఉన్న కుటుంబాలకు తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. జాబితాలో మూడో పేరు మా లిఖితది. ఉత్తర్వుతో పాటు ఒక ధ్రువీకరణ పత్రం జతచేశారు: సంగమ జలము బాలబాలికల స్నానమునకు యోగ్యమని పరీక్షించి నిర్ధారించితిని. కింద పారిశుద్ధ్య ఇంజనీరు సంతకానికి గీత.

"లిఖిత చెవి సంగతి చెప్పారా?" అన్నాను.

"చెప్పాను. డాక్టరు చీటీ చూపించాను. డాక్టరు సముద్రం వద్దన్నారు గానీ నది వద్దనలేదు కదా అన్నారు."

"సంతకం?"

"చేయలేదు ఇంకా. సోమవారం పొద్దున్న అక్కడే అందరి ముందు చేయాలిట." ఆయన గొంతు తగ్గించారు. "చేయకపోతే అమ్మాయిని దింపనక్కర్లేదనుకుంటున్నావా? నా బదులు ఇంకొకడు చేస్తాడు. పిల్లలు ఎలాగూ దిగుతారు."

లిఖిత తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. "నాన్నా, తల ముంచకుండా మునిగితే కుదరదా?" అంది. ఆయన దాని చెవిలో దూది సరిచేసి బయటికి వెళ్లిపోయారు.

నేను అత్తగారితో మాట్లాడి చూశాను. ఆవిడ అప్పటికే జరీ అంచు నేత చీర తీసి స్నానానికి సిద్ధంగా పెట్టుకున్నారు. "పిల్లకి సెవి పోటేస్తందని తీర్తానికి వద్దంతావేటి. మొగకాడ మునిగితే పోతాది. నా సిన్నతనంలో అన్నీ అలాగే పోయేయి."

ఆదివారం పొద్దున్న చేపలమ్మే ఎర్రమ్మ వచ్చింది. గంప దించి, నా ముఖం చూడగానే తనే అంది. "ఇయ్యి మొగకాడియి కావమ్మా, బయపడకు. మొగకాడ వలేత్తే సేపలు రావు, పిల్లల డైపర్లొత్తన్నాయి. మా ఆయన వల కడుక్కోడానికి కూడా అటెల్లడు."

"రేపు నలభైమంది పిల్లల్ని దింపుతున్నారు."

"ఇన్నాను. మా పాలెపోల్లు ఒక్కరూ రారు. మాకు నీళ్లు తెలుసు. సదూకున్నోలకి కాయితాలు తెలుసు."

ఆ మాట పూర్తి కాకముందే లోపల టపీమని చప్పుడైంది. వెంటనే వాసన. పరుగెత్తుకెళ్లాను. దేవుడి గూట్లో సీసా మూత లేదు. నేను గట్టిగా బిగించమన్న మూత ఎగిరి అమ్మవారి పటానికి తగిలి కింద పడింది. సీసాలోంచి నల్లని నురగ పసుపు మీదుగా కారుతోంది. నీళ్లలో ఎక్కడా నీటి రంగు లేదు. ఎర్రమ్మ గుమ్మంలోనే ఆగిపోయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చేపలమ్మే మనిషి.

మా అత్తగారు గూటి ముందు నిలబడ్డారు. ముక్కు మూసుకోలేదు.

"ఎర్రీ, నన్ను మొగకాడికి అట్టుకెల్లు," అన్నారు.

"అంత దూరం నడవలేరు అత్తయ్యా. ఆటో పిలుస్తాను."

"నడుత్తాను."

ఇద్దరూ వెళ్లారు. నేను గూడు నాలుగుసార్లు కడిగాను. సీసా మాత్రం కడగలేదు. దాన్ని పెరట్లో గోడ మీద పెట్టాను.

ఆవిడ తిరిగొచ్చేసరికి ఒంటిగంట అయింది. ఆటోలో వచ్చారు. కాళ్లు మడమల దాకా నల్లగా ఉన్నాయి. కడుక్కుని, స్నానం చేసి, జరీ అంచు చీర మడత పెట్టి పెట్టెలో పెట్టేశారు. ఎర్రమ్మని గుమ్మంలో అడిగాను, ఏమన్నారని.

"ఏటీ అన్నేదమ్మా. నీళ్లట్టే సూసి, ఇక్కడే నాకు ఓనీ కట్టేరే అన్నాది."

భోజనాలకి కూర్చున్నాం. ఆదివారం కాబట్టి వంజరం పులుసు. ఉతికిన చీర కట్టుకుని మా అత్తగారు ఎప్పటి చోట కూర్చున్నారు. మా ఆయన పళ్లెం పక్కన ఆ ధ్రువీకరణ పత్రం మడత పెట్టి ఉంది. పొద్దున్నుంచీ ఆయన దాన్ని వెంట తిప్పుకుంటున్నారు. లిఖిత ఒక్కొక్క మెతుకూ ఏరుకుంటూ తింటోంది.

నేను పులుసు వడ్డించబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు వద్దు. సప్పిడి చాలు."

"ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు మా ఆయన.

"మైల."

"ఎవరు పోయారు?"

"సిన్నమ్మ."

మా ఆయన నా వైపు చూశారు. ఆవిడ పిన్నులందరూ ఎప్పుడో పోయారు. "ఏ చిన్నమ్మ?"

"సిన్నమ్మగెడ్డ. ఎప్పుడో పోయినాది. నాకే ఎవుడూ కబురు సెప్పలేదు." ఆవిడ మజ్జిగ అన్నం కలుపుకుంటున్నారు. గొంతు మామూలుగానే ఉంది. "పోయిన మనిసికి పుట్టినరోజు సేత్తన్నారు మీ ఆఫీసోళ్లు. ఈ ఇంటికి మైల. పిల్ల రాదు. నాను రాను. నువ్వు గూడా ఆడ నిలబడి సంతకాలెట్టకూడదు."

"చిన్నమ్మ అంటే మూడు రోజులే కదమ్మా మైల."

"ఆల పండగ ఎన్నాల్లు?"

"పన్నెండు."

"అయితే పన్నెండు."

లిఖిత మొదటిసారి తలెత్తి నాన్న వైపు చూసింది. ఆయన అన్నంలో వేళ్లు కదపడం లేదు.

"మైల అంటే మినహాయింపు ఉంది," అన్నారు నెమ్మదిగా. "కానీ రుజువు అడుగుతారు. మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతేం చేస్తాం?"

"మరణాల రిజిస్టరు మీ బల్ల మీదే కదండీ," అన్నాను.

నేను అన్నది పులుసు గిన్నె మూత పెడుతూ. ఆయన నన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఎడం చేత్తో ఆ మడత విప్పి, ఒకసారి చదివి, తిరగేసి పళ్లెం పక్కన పెట్టారు. వెనకవైపు తెల్లగా ఉంది.

"జనన ధ్రువపత్రం మనమే ఇచ్చాం కాబట్టి మరణ ధ్రువపత్రం ఇవ్వకపోవడానికి కారణం ఉండదు," అన్నారు. ఆఫీసు మాట అయినా ఆ రోజు ఇంటి మాటలా వినిపించింది. "ఇవాళే ఆఫీసు తీయించి రిజిస్టరులో ఎక్కిస్తాను. మరణ కారణం దగ్గర ల్యాబు అంకె వేస్తాను. నలభై వేలు. పద్నాలుగు పైపుల పేర్లూ వేస్తాను. కింద నా సంతకం పెట్టి, రేపు పొద్దున్న ఒక కాపీ పరిశీలక బృందం చేతికి, ఒకటి ఆ పిల్లల తల్లిదండ్రుల చేతికి నేనే ఇస్తాను."

"మిమ్మల్ని సస్పెండ్ చేస్తారు," అన్నాను.

"మైలలో ఉన్న మనిషిని పన్నెండు రోజుల దాకా ఏం చేయలేరు." ఆయన నెల రోజుల తర్వాత కొంచెం నవ్వారు. "హేమా, ఆ పులుసు ఇలా తే. అమ్మ తినదు గానీ నేను తినొచ్చా అమ్మా?"

"నువ్వు తిను. ఆఫీసులో అరవాలి కదా," అన్నారు అత్తగారు.

ఆయన తినడం మొదలుపెట్టారు. లిఖిత కూడా. నేను లోపలికెళ్లి పెన్ను తెచ్చి ఆ తిరగేసిన కాగితం మీద పెట్టాను.

"ముందు చిత్తుప్రతి ఇక్కడ రాయండి, చూసిస్తాను," అన్నాను. "పేరు దగ్గర సుగంధిని అని వేయకండి. చినమ్మగెడ్డ అని రాయండి. గ కి ఎత్వం ఉంటుంది. ఈసారి నేను చెప్పింది పూర్తిగా రాసుకోండి."